పట్టేసిన కారు తలుపు: పట్టుకున్నది ఎవరు?



ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకదానికి పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేదు, ఫోనులోనే జవాబు చెప్పాను. ఎందుకంటే అందులో గడువు ఉంది. అదే సంగతి మీలో చాలామందికి ఈ రోజో రేపో అవసరం పడుతుంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఉత్తరం దిగువ పేరాక్ నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. వాళ్ళ నాన్నగారు కొబ్బరి తోటలో కిరాణీగా చేశారు. 1960లలో ఒక పాత మోరిస్ మైనర్, నాలుగు తలుపుల బండి, కొన్నారు. ఆయన పోయి 12 ఏళ్ళు. అప్పటినుంచీ బండి లైను ఇంటి పక్కన జింకు రేకుల కొట్టంలోనే ఉంది. ఇప్పుడు తోట చేతులు మారింది, ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. బేసి బురుక్ వ్యాపారి వచ్చి, "తలుపులు తియ్యక్కర్లేదు, క్రేనుతో అలాగే ఎత్తుకుపోతాను" అన్నాడట. తమ్ముడేమో గునపం పెట్టి ఊడబెరుకుదాం అంటున్నాడు. అమ్మగారు రెండిటికీ ఒప్పుకోవడం లేదు.

అమ్మగారి పట్టుదలకి కారణం ఉంది. బండి గ్రాంటు, నాన్నగారి పాత కాగితాలు డాష్‌బోర్డు అరలో ఉన్నాయని ఆమె గుర్తు. ఆమెకి 76 ఏళ్ళు. పుట్టింది ఈ దేశంలోనే, ఆ తోటలోనే. చేతిలో ఉన్నది మాత్రం ఇంకా ఎర్ర ఐ.సి. పుట్టుక రుజువు చేసే కాగితం ఏదీ ఇంట్లో లేదు. ఉంటే ఆ బండిలోనే ఉండాలి. అమ్మగారి కాగితం, నాన్నగారి బండి రెండూ దక్కాలంటే ఆ తలుపుల్లో ఒక్కటైనా విరగకుండా తెరుచుకోవాలి. చెల్లెమ్మ ప్రశ్న అంతే: "అన్నయ్యా, కొట్టకుండా తెరిచే దారి ఉందా?"

ఉంది. ఓపిక ఉంటే చాలా తలుపులు చేత్తోనే వస్తాయి. అయితే ముందుగా ఒక మాట గుర్తుపెట్టుకోండి. పట్టేసిన తలుపుని ఎవరో ఒకరు పట్టుకుని ఉంటారు. ఆ పట్టుకున్నది ఎవరో తెలియకుండా లాగితే తలుపు రాదు, మీ చేతికి పిడి వస్తుంది.

ఈ బండి గురించి రెండు ముక్కలు

మోరిస్ మైనర్‌ని 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ మోటారు ప్రదర్శనలో మొదట చూపించారు. రూపకర్త అలెక్ ఇసిగోనిస్. నాలుగు తలుపుల బండి 1950లో వచ్చింది. మైనర్ 1000 అనేది 1956లో మొదలైంది. 1970ల మొదట్లో తయారీ ఆగిపోయేసరికి 16 లక్షలకు పైగా బండ్లు రోడ్డెక్కాయి. మలయాలో టీచర్లు, డ్రెస్సర్లు, కిరాణీలు కొనగలిగిన కార్లలో ఇదొకటి. దొరగారి కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డ సైసులు మన పెద్దల్లో ఎంతోమంది ఉన్నారు. ఒప్పంద కూలీలుగానో కంగాణీ వెంటో వచ్చినవాళ్ళ బిడ్డలు తమ సొంత తలుపు తీసుకుని తామే ఎక్కి కూర్చున్న మొదటి కారు చాలా ఇళ్ళల్లో ఇదే. అందుకే బేసి బురుక్ లెక్కలో దీని ధర తేలదు.

మనకి ఇప్పుడు కావలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ బండికి లారీకి ఉన్నట్టు కింద వేరే చట్రం లేదు. ఒళ్ళే చట్రం. నేల రేకు, గుమ్మం కింద పెట్టెలా ఉండే సిల్లు, అడ్డంగా వెళ్ళే దూలం, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. అందులో ఒకటి తుప్పు తిని పోతే ఆ సంగతి మొదట చెప్పేది తలుపే.

ముట్టుకునే ముందు

ఏళ్ళ తరబడి కొట్టంలో ఉన్న బండి ఖాళీగా ఉండదు. కందిరీగలు గూడు పెడతాయి. ఎలకలు సీటు పీచు తీసి కాపురం పెడతాయి. ఎలకలున్న చోటికి పాము వస్తుంది. కాబట్టి ముందు అద్దంలోంచి టార్చి వేసి చూడండి. బండి కింద, చక్రాల గూళ్ళలో కర్రతో కదిపి చూడండి. చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఎలక మూత్రంతో వచ్చే జ్వరం మన దేశంలో మనుషుల్ని చంపింది. నేల మీద నీళ్ళు నిలిచి ఉంటే అందులో దోమ పిల్లలుంటాయి. తలుపు రాగానే మొదట ఆ నీళ్ళు పారబోయండి.

బోనెట్ తెరుచుకుంటే బ్యాటరీ తీగలు విప్పేయండి. పెట్రోలు ట్యాంకులో పాత పెట్రోలు ఉండవచ్చు. అందువల్ల ఈ పని అయ్యేదాకా సిగరెట్టు, గ్యాసు మంట, వెల్డింగు బండి దగ్గరికి రానివ్వకండి. బిగుసుకున్న బోల్టుని ఎర్రగా కాల్చి విప్పడం బెంగ్కెల్‌లో చూసి ఉంటారు. లోపల గుర్రపు వెంట్రుకలు, పీచు, అట్ట ఉన్న బండి తలుపు దగ్గర ఆ పని చేస్తే తలుపుతోపాటు బండీ పోతుంది.

పిడి ఏం చెబుతోంది?

ఇప్పుడు నాలుగు తలుపుల పిడులూ ఒక్కొక్కటిగా మెల్లగా తిప్పి చూడండి. బలం పెట్టకండి. ఆ కాలపు పిడి మెరుస్తుంది కాని, క్రోమ్ పూత కింద ఉన్నది జింకు పోత లోహం. పైపు తగిలించి తిప్పితే పుటుక్కుమంటుంది.

పిడి అసలు కదలకపోతే ఆ తలుపుకి తాళమైనా వేసి ఉండాలి, లేదా లోపల గొళ్ళెం తుప్పుతో, ఎండిన గ్రీజుతో బిగుసుకుపోయి ఉండాలి.

పిడి వదులుగా ఊరికే తిరుగుతుంటే, పిడికీ గొళ్ళేనికీ మధ్య ఉన్న కడ్డీ ఊడిపోయింది లేదా అరిగిపోయింది. బయటనుంచి దాంతో కుస్తీ పట్టడం దండగ. అది లోపలనుంచి రావలసిన తలుపు.

పిడి మామూలుగా తిరిగి, లోపల "టక్" అని చప్పుడు వినపడి, తలుపు మాత్రం కదలకపోతే సంతోషించండి. గొళ్ళెం వదిలేసింది. పట్టుకున్నది రబ్బరు, లేదా బండి ఒళ్ళు. ముందుగా పని మొదలుపెట్టవలసింది ఈ తలుపుతోనే. నాలుగూ ఒకేసారి తెరవాలని చూడకండి. ఒక్కటి తెరుచుకుంటే మిగతా మూడూ లోపలనుంచి సగం తెరిచినట్టే.

తాళం సంగతి కూడా చూసుకోండి. ఆ రోజుల ఇంగ్లీషు కార్లలో చాలావాటికి తాళంచెవి కన్నం అన్ని తలుపులకీ ఉండదు. మిగతావాటికి లోపలి పిడిని తెరిచే దిశకి ఎదురుగా నెడితే తాళం పడుతుంది. అద్దంలోంచి చూసి ఏ పిడి ఏ వైపు వాలి ఉందో పోల్చుకోండి. తాళం వేసిన తలుపుకి నూనె పోసి మూడు రోజులు కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

సందులు ఏం చెబుతున్నాయి?

తరవాత తలుపు చుట్టూ ఉన్న సందుని చూడండి. 10 సెన్ల నాణెం ఒకటి తీసుకుని సందులో చుట్టూ జరపండి. ఎక్కడ దూరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో సుద్దతో గుర్తు పెట్టండి.

తలుపు బందులు అరిగిపోతే గొళ్ళెం ఉన్న కొస కిందికి వాలుతుంది. అప్పుడు ఆ కొసన పై సందు వెడల్పుగా, కింది సందు ఇరుకుగా ఉంటుంది. ఇది తేలిక జబ్బు. ఒకరు తలుపు కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి ఉంచితే ఇంకొకరు పిడి తిప్పవచ్చు.

దీనికి తలకిందులుగా, పై సందు బిగుసుకుపోయి కింది సందు వెడల్పుగా ఉంటే ఆగండి. బండి నడుము వాలుతోందన్నమాట. సిల్లు, అడ్డ దూలం తుప్పు తినేసి ఉంటాయి. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య బండి ఉయ్యాలలా కుంగి, పైన తలుపు చట్రం మూసుకుని తలుపుని కరుచుకుంది. ఈ తలుపుని గునపంతో తీస్తే తలుపు, స్తంభం రెండూ వంగుతాయి. సముద్రపు ఉప్పు గాలి తగిలే బాగన్ దాతో వైపు బండ్లలో ఇది తరచుగా చూస్తాం.

సందులు చుట్టూ సమానంగా ఉంటే ఒళ్ళు, బందులు బాగున్నట్టే. మిగిలిన అనుమానం రబ్బరు మీద, గొళ్ళెం మీద.

మొదటిది: రబ్బరు

తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండకి, ఏళ్ళ బరువుకి మెత్తబడి జిగురై రంగుకి అంటుకుపోతుంది. బహుశా మన తాతలు తెల్లవారకుండా గీసిన చెట్ల పాలే లండను వెళ్ళి ఈ పట్టీగా తిరిగొచ్చి ఉంటాయి. ఇప్పుడు అదే తలుపు తియ్యనివ్వడం లేదు.

దీనికి కావలసింది చేపల గాలానికి కట్టే నైలాన్ దారం, ప్లాస్టిక్ కార్డు ఒకటి, గోరువెచ్చని సబ్బునీళ్ళు. సబ్బునీళ్ళు సందులోకి పట్టించండి. పై మూల దగ్గర కార్డు దూర్చి కొంచెం చోటు చేయండి. అందులోంచి దారం దూర్చి, రెండు కొసలూ రెండు కర్రముక్కలకి చుట్టి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని రంపంలా లాగండి. పైనుంచి గొళ్ళెం వైపు కిందికి రావాలి. గొళ్ళెం దగ్గర దారం ఆగుతుంది. అక్కడ తీసి కిందనుంచి మళ్ళీ మొదలుపెట్టండి. కత్తి, పారాంగ్, స్క్రూడ్రైవర్ వద్దు. రంగు లేచిపోయిన చోట మళ్ళీ తుప్పు మొదలవుతుంది.

రబ్బరు మీద గ్రీజు, ఇంజిను నూనె, కిరోసిన్ పూయకండి. సహజమైన రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది. ఉబ్బితే తలుపు ఇంకా బిగుస్తుంది. పూయవలసి వస్తే సిలికోన్ పూత పూయండి. అది లేకపోతే సబ్బునీళ్ళే చాలు.

రెండోది: గొళ్ళెం

గొళ్ళెం తలుపు అంచున, పిడికి దాదాపు సమానమైన ఎత్తులో ఉంటుంది. దానికి ఎదురుగా స్తంభం మీద పట్టుడు పలక ఉంటుంది. ఈ రెండూ రబ్బరు పట్టీకి బయటి వైపే కాబట్టి సందులోంచి నూనె అందుతుంది.

తుప్పు వదిలించే నూనె డబ్బాకి సన్నటి గొట్టం తగిలించి ఆ ఎత్తులో సందులోకి రెండు మూడుసార్లు కొట్టండి. పిడి మొదట్లో, తాళం కన్నంలో, బందుల మీద కూడా కొట్టండి. డబ్ల్యూ.డి-40 అందరి ఇళ్ళల్లో ఉంటుంది. అది పనికొస్తుంది కాని దాని అసలు పని తేమని తరమడం. మొండి తుప్పుకి దానికంటే తుప్పు కోసమే చేసిన నూనె మేలు. పాత మెకానిక్కులు ఆటోమేటిక్ గేరుబాక్సు నూనె, అసిటోన్ సమానంగా కలిపి వాడతారు. బాగా పనిచేస్తుంది. కాని అసిటోన్ రంగుని కరిగిస్తుంది, మంట అంటుకుంటే భగ్గుమంటుంది. నేనయితే రంగు మిగిలి ఉన్న బండి మీద వాడను.

నూనె కొట్టగానే పిడి తిప్పకండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మర్నాడు మళ్ళీ. మధ్యలో గొళ్ళెం చుట్టూ చెక్కముక్క ఆనించి రబ్బరు సుత్తితో తట్టండి. తలుపు మీద చెయ్యి వేస్తే సన్నగా అదురు తెలియాలి, రేకు సొట్టపడకూడదు. ఆ అదురుకే నూనె తుప్పు పొరల్లోకి దిగుతుంది.

ఇక తెరిచే పద్ధతి. ఇది ఇద్దరి పని. అందరూ తలుపుని బయటికి లాగుతారు. లాగితే గొళ్ళెం నాలుక పట్టుడు పలకకి ఇంకా బిగుస్తుంది. కాబట్టి ఒకరు పిడి పక్కన అరచెయ్యి ఆనించి తలుపుని లోపలికి నెట్టాలి, వదలాలి, మళ్ళీ నెట్టాలి. రెండోవాళ్ళు సరిగ్గా నెట్టిన క్షణంలో పిడి తిప్పాలి. రోకటి పోట్లలా జత కుదరాలి. ఇరవైసార్లు చేసి, రాకపోతే ఆపి, నూనె కొట్టి, టీ తాగి రండి. నూనె పని నూనెని చేసుకోనివ్వండి.

తాళం తిరగకపోతే తాళంచెవి బలంగా తిప్పకండి, అది విరిగి లోపలే ఉండిపోతుంది. నూనె కొట్టి, చెవిని మెల్లగా లోపలికీ బయటికీ ఆడించండి. తాళం వదిలాక తుడిచి గ్రాఫైటు పొడి వేయండి. నూనె మిగిలిపోతే దుమ్ము పట్టి మళ్ళీ బిగుస్తుంది.

మూడోది, నాలుగోది: బందులు, ఒళ్ళు

బందుల మీద కూడా ఇదే నూనె, ఇదే ఓపిక. అయితే బందు స్క్రూలు ఇప్పుడే విప్పకండి. తలుపు మూసి ఉండగా బందు వదులు చేస్తే తలుపు బరువంతా గొళ్ళెం మీద పడుతుంది.

నడుము వాలిన బండికి జాకీ పని ఉంది. బండితో వచ్చిన జాకీ పెట్టే గూళ్ళు అడ్డ దూలం కొసల్లో, తలుపుల కిందే ఉంటాయి. అవి తుప్పుకి మొదట బలయ్యే చోట్లలో ఒకటి, వాటిని నమ్మకండి. కింద సుత్తి పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము ఉంది. డొక్కు చప్పుడు వచ్చినా, పొట్టు రాలినా అక్కడ ఏమీ లేదు. గట్టి చోటు చూసి, పొడవాటి దళసరి చెక్క వేసి, దాని కింద చక్రాల జాకీ పెట్టండి. చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. తలుపు పై సందు మీద కన్ను వేసి, జాకీని ఒక్కొక్క పోటు పైకి లేపండి. ఇక్కడ కావలసింది బియ్యపు గింజంత, మహా అయితే వేలెడు మందం. సందు విడిందంటే అక్కడే ఆపి పిడి తిప్పండి. కిర్రుమని ఇనుము చిరిగే చప్పుడు వస్తే వెంటనే దింపేయండి.

జాకీ మీద ఉన్న బండి కిందికి తలే కాదు, చెయ్యి కూడా పెట్టకండి. స్టాండ్లు లేకుండా ఈ పని వద్దు.

ఇలా తెరిచిన తలుపు తరవాత మూసుకోకపోవచ్చు. ఆ బండి ఇంతకాలం మూసిన తలుపుల ఆసరాతోనే నిలబడి ఉంటుంది. అందువల్ల ఒక్క తలుపే తెరవండి, లోపల బరువు వేయకండి. సిల్లు కోసి కొత్తది వేసే వెల్డర్ తెలిసినవాడైతే, ముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప కడ్డీలు అతికి, ఆ తరవాతే కోస్తాడు. అతన్ని ఆ ఒక్క ప్రశ్న అడగండి. కడ్డీల మాట ఎత్తకపోతే వేరే వెల్డర్‌ని చూసుకోండి.

అద్దం పగలగొడితే పోలేదా?

చెల్లెమ్మ తమ్ముడు గునపం వదిలి ఈ మాట అడిగాడు. మంచి ప్రశ్నే. కాగితాలు మాత్రమే కావాలంటే అద్దం పగలగొట్టినా దొరుకుతాయి. కాని అద్దం ముక్కలు సీట్లలో, తలుపు పొట్టలో రాలి ఏళ్ళ తరబడి దొరుకుతూనే ఉంటాయి. బండిని లారీ ఎక్కించాలన్నా స్టీరింగు పట్టాలి, హ్యాండ్‌బ్రేకు వదలాలి. అందుకు మనిషి లోపలికి వెళ్ళాలి.

గడువు మీద పడి ఏ తలుపూ రాకపోతే అప్పుడు వెనక అద్దం చూడండి. అది రబ్బరు పట్టీలో కూర్చుని ఉంటుంది. ఎలాగూ ఎండిపోయిన ఆ పట్టీని బయటి వైపునుంచి పదునైన బ్లేడుతో చుట్టూ కోసేస్తే అద్దం చెక్కుచెదరకుండా చేతుల్లోకి వస్తుంది. ఇద్దరు పట్టుకోవాలి. మైనర్‌కి కొత్త రబ్బరు పట్టీలు, రేకులు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి. పట్టీ మార్చుకోవచ్చు, వంగిన స్తంభాన్ని మార్చుకోలేం.

ఒక తలుపు వచ్చాక

లోపలికి వెళ్ళినవాళ్ళు మిగతా తలుపుల లోపలి పిడులు తిప్పి చూడాలి. బయట వదులుగా తిరిగిన తలుపు ఇక్కడ మామూలుగా వచ్చేయవచ్చు. రాకపోతే తలుపు లోపలి అట్ట తియ్యాలి. అద్దం తిప్పే పిడీ, తలుపు పిడీ స్క్రూతోనో, చిన్న పిన్నుతోనో బిగించి ఉంటాయి. అవి తీశాక అట్టని చుట్టూ క్లిప్పుల దగ్గర వెడల్పాటి చెక్క గరిటెతో లేపండి. తలుపు మూసి ఉంది కాబట్టి అంచులు పూర్తిగా అందవు. అందినంత లేపి వంచితే చాలు. పాత అట్ట తేమకి అప్పడంలా ఉంటుంది, నెమ్మదిగా. లోపల గొళ్ళెం కనపడుతుంది. నూనె నేరుగా దాని మీదే కొట్టి, కడ్డీని చేత్తో లాగండి.

చెల్లెమ్మ ఇంట్లో జరిగింది చెబుతాను. ఎడమ వెనక తలుపు ఒక్కటే "టక్" అంది. సందులు సమానంగానే ఉన్నాయి. అంటే పట్టుకున్నది రబ్బరు. తమ్ముడు గునపం పక్కన పెట్టి గాలం దారం తెచ్చాడు. రెండో రోజు పొద్దున తొమ్మిదికల్లా తలుపు వచ్చింది. అరలో గ్రాంటు ఉంది. అంచులు చెదలు తిన్నాయి కాని బండి నంబరు, నాన్నగారి పేరు చదవడానికి వస్తున్నాయి. దానితోపాటు తోట ఆసుపత్రి చీటీ ఒకటి దొరికింది. అమ్మగారి తల్లి పేరు, కాన్పు అయిన తేదీ అందులో ఉన్నాయి. దాన్ని పట్టుకుని వాళ్ళు లాయరుని కలిశారు. దరఖాస్తు తయారవుతోంది. బండి మూడు తలుపులు తెరుచుకున్నాక లారీ మీద తెలుక్ ఇంతాన్‌లో తమ్ముడి ఇంటికి చేరింది. డ్రైవరు వైపు తలుపు మొన్నటికి ఇంకా మొండికేస్తూనే ఉంది. దానికి తాళంచెవి లేదు. లోపలి అట్ట తీసి చూడమన్నాను.

ఇలాంటి కాగితాలు దొరికితే అతుక్కున్న మడతలు ఊడదీయకండి, ఎండలో పెట్టకండి. నీడలో, గాలి తగిలేచోట, రెండు తెల్ల కాగితాల మధ్య ఆరనిచ్చి, ముందు ఫోటో తీసుకోండి. గ్రాంటులో ఉన్న పెద్దాయన పోయి ఉంటే, వారసుడి పేరుకి మార్చే పని గురించి జె.పి.జె. కౌంటరులో అడగండి. ఇంటిల్లిపాదీ మాట కలిసి ఉన్నప్పుడే ఆ పని ముగించుకోవడం మంచిది.

మళ్ళీ పట్టేయకుండా

తలుపు వచ్చిన సంబరంలో అందరూ చేసే పని ఒకటుంది: వెంటనే ధడేలున వేసి మళ్ళీ తీసి చూడటం. వద్దు. తలుపుకీ స్తంభానికీ మధ్య గుడ్డ చుట్టిన కర్ర అడ్డం పెట్టండి. తలుపు తెరిచే ఉండగా, స్క్రూడ్రైవర్‌తో గొళ్ళెం నాలుకని మూసినట్టు నెట్టి, పిడి తిప్పండి. పదికి పదిసార్లు అది వదిలితేనే తలుపు మూయాలి.

గొళ్ళెంలో పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు కొంచెం పెట్టండి. కడిగేటప్పుడు కిరోసిన్ రబ్బరు పట్టీ మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. బందులకి నెలకొక చుక్క నూనె. పట్టుడు పలకని జరపవలసి వస్తే, విప్పే ముందు దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకోండి. ఈ బండికి చాలాచోట్ల ఇంచీ స్పానర్లు కావాలి. మిల్లీమీటరు స్పానర్ జారి బోల్టు తల గుండ్రం చేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం తలుపు అడుగున ఉండే నీటి కన్నాలు. అద్దం పక్కనుంచి కారిన వాననీళ్ళు తలుపు పొట్టలోంచి ఆ కన్నాల్లోంచే బయటికి పోవాలి. ఆకులు, మట్టి, కందిరీగల గూడు వాటిని మూసేస్తే తలుపు లోపల చెరువవుతుంది. సన్నటి తీగతో పొడిచి, నీళ్ళు పోసి, కింద ధార వస్తోందో లేదో చూడండి. రబ్బరు పట్టీకి మూడు నెలలకోసారి సిలికోన్, లేదా పిల్లలకి రాసే టాల్కం పొడి రాయండి. బండి నడిచినా నడవకపోయినా వారానికోసారి నాలుగు తలుపులూ తీసి వేయండి. నెలకి పావుగంట పని కూడా లేదు.

మీ కొట్టంలోనూ ఇలాంటి బండి ఉంటే ఈ ఆదివారం పిల్లల్ని పిలిచి ఒక్కసారి పిడులు తిప్పి చూడండి. ఏ తలుపు ఏం చప్పుడు చేసిందో, పై సందులో 10 సెన్ల నాణెం దూరిందో లేదో రాసి పంపండి. బండి పేరు, మీరుండే ఊరు సముద్రానికి దగ్గరా దూరమా అన్నది కూడా రాస్తే జవాబు చెప్పడం తేలిక. వచ్చే సంచికలో ఏళ్ళ తరబడి కదలని బండి బ్రేకులు ఎలా విడిపించాలో చూద్దాం.